పల్లె చరిత్ర – 9: నీతి వరం, కూలి బాకీ



పోయిన భాగంలో వెట్టి గురించి రాశాను. అది చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మనవాళ్లు క్రైస్తవంలోకి ఎందుకు పోయారు? బియ్యం కోసమేనా?" అన్నాడు. ఎగతాళిగా అడగలేదు. కాలేజీలో తోటివాళ్లు అన్న మాట అది. వాళ్లకు జవాబు చెప్పలేక నన్ను అడిగాడు. ఫోన్లో నేను చెప్పిన జవాబు నాకే తృప్తిగా లేదు. అందుకే ఈ భాగం కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను చర్చి మెట్లెక్కి చాలా ఏళ్లయింది. బాబాసాహెబ్ పుస్తకాలు చేతికొచ్చాక నా దారి అటు మళ్లింది. కాబట్టి ఇది సువార్త కాదు, చరిత్ర. కానీ ఈ చరిత్ర నాకు మొదట చెప్పింది మా నాయనమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుని ఒక మాట అంటుండేది: "మనకి నీతి ఊరికే వచ్చిందిరా. మనం కొనుక్కోలేదు, ఎవడూ లాక్కోలేడు."

చిన్నప్పుడు నాకీ మాట అర్థమయ్యేది కాదు. నీతి అంటే బళ్లో బట్టీ పట్టించే నీతి పద్యాలని నా లెక్క. అబద్ధం ఆడకూడదు, పెద్దల మాట వినాలి, ఇట్లాంటివి. అది ఊరికే రావడమేంటి? కష్టపడి నేర్చుకోవాలి కదా? నాయనమ్మ పోయిన ఇరవై ఏళ్లకు గానీ ఆమె ఏమంటోందో నాకు తెలియలేదు.

ఊరి లెక్కలో నీతి

మన ఊళ్లలో నీతి ఎవరిది? శుచి ఉన్నవాడిది. శుచి ఎవరికి ఉంటుంది? పుట్టుకతో వచ్చినవాడికి. పూర్వజన్మలో పుణ్యం చేసుకున్నవాడు పై కులంలో పుడతాడు, పాపం చేసినవాడు పల్లెలో పుడతాడు. ఇది ఒక పద్దు పుస్తకం. కొందరి పేరు జమ వైపు, మన పేరు బాకీ వైపు. బాకీ తీర్చే మార్గం? మన పని మనం నోరెత్తకుండా చేయడం. చచ్చిన గొడ్డును మోయాలి, తోలు తీయాలి, చెప్పులు కుట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. ఇవన్నీ సరిగ్గా చేస్తే వచ్చే జన్మలో చూద్దామంటారు.

మా తాత వారానికి ఏడు రోజులూ కష్టపడ్డాడు. ఒకరి సొమ్ము ముట్టుకోలేదు. అయినా అతని నీతి లెక్కలోకి రాలేదు. ఊళ్లో వడ్డీ మీద వడ్డీ కట్టించుకున్నవాడు మాత్రం ధర్మాత్ముడు. నీతి అనేది నడవడికను బట్టి వస్తుందని పైకి చెప్పి, లోపల పుట్టుకను బట్టి పంచిన వ్యవస్థ ఇది.

ఇప్పుడు దీని పక్కన క్రైస్తవంలోని ఒక సిద్ధాంతాన్ని పెట్టండి. చర్చి భాషలో దాన్ని 'విశ్వాసం ద్వారా నీతిమంతులుగా తీర్చబడటం' అంటారు. సాదాగా చెప్తే ఇది: దేవుడి ముందు ఏ మనిషికీ సొంత జమ లేదు. గొప్ప వంశం, నిష్ఠ, ఆచారం, దానధర్మం, ఏదీ అక్కడ చెల్లదు. నీతి అనేది దేవుడే ఉచితంగా ఇచ్చేది. చేయి చాచి తీసుకోవడమే విశ్వాసం. ఇందులో మంచివాడు, చెడ్డవాడు అనే తేడా కూడా ముందు రాదు. అందరూ ఖాళీ చేతులతో వచ్చినవాళ్లే.

ఈ మాటను ఎవరు ఎక్కడ కూర్చుని వింటున్నారన్న దాన్ని బట్టి దాని బరువు మారుతుంది. మేడ మీద ఉన్నవాడికి ఇది అవమానం. అతని జమ అంతా కొట్టేశారు కదా. పల్లెలో ఉన్నవాడికి ఇది బాకీ పుస్తకం చించేయడం.

అన్నం దగ్గర మొదలైన గొడవ

ఈ సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో చాలామంది పాస్టర్లు కూడా చెప్పరు. ఏదో ఒక రుషి ధ్యానంలో ఉండగా పుట్టలేదు. భోజనాల దగ్గర జరిగిన గొడవలో పుట్టింది.

క్రీ.శ. మొదటి శతాబ్దం మధ్యలో, సిరియా ప్రాంతంలోని అంతియొకయ అనే పట్టణం. ఇప్పుడది టర్కీలో ఉంది. అక్కడ యేసును నమ్మిన యూదులు, యూదులు కాని అన్యజనులు కలిసి తినేవాళ్లు. పేతురు కూడా వాళ్లతో కూర్చుని తిన్నాడు. అంతలో యెరూషలేము నుంచి కొందరు వచ్చారు. వాళ్లు ఏమనుకుంటారోనని పేతురు మెల్లగా ఆ పంక్తి నుంచి లేచిపోయాడు. అతన్ని చూసి మిగతా యూదులూ లేచారు. చివరికి బర్నబా కూడా.

పౌలు ఊరుకోలేదు. అందరి ముందూ పేతురును ముఖం మీదే నిలదీశాడు. ఆ సంగతి గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. మనిషి నీతిమంతుడయ్యేది ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్ల అన్న మాట ఆ పత్రికలో మొదట కనిపించేది ఈ భోజనాల గొడవ చెప్పిన వెంటనే. అంటే పౌలు దృష్టిలో పంక్తి నుంచి లేచిపోవడం మర్యాదకు సంబంధించిన చిన్న తప్పు కాదు. దేవుడు ఉచితంగా ఇచ్చినదాన్ని కాదనడం. దేవుడు నీతిమంతుడని చెప్పినవాడి పక్కన కూర్చుని తినడానికి నువ్వెవరు వెనకాడటానికి?

ఒక జాగ్రత్త చెప్పాలి. దీన్ని అడ్డం పెట్టుకుని యూదులను మన అగ్రహారాలతో పోల్చేవాళ్లున్నారు. అది తప్పు. పౌలు యూదుడే, పేతురు యూదుడే, యేసూ యూదుడే. యూదు మతం కూడా దేవుడి కృపనే నమ్ముతుందని 1977లో ఇ.పి. శాండర్స్ అనే పండితుడు పెద్ద పుస్తకమే రాశాడు. అంతకుముందు 1963లో క్రిస్టర్ స్టెండాల్ అనే స్వీడన్ పండితుడు ఇంకో మాట చెప్పాడు. పౌలు సమస్య ఒంటరి మనిషి మనసులోని అపరాధ భావం కాదు, వేరువేరు జనాలు ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చోవాలన్నది అని. ఈ మాట చదివినప్పుడు నాకు మా పల్లె గుర్తొచ్చింది. రెండు గ్లాసుల హోటళ్ల మధ్య పెరిగినవాడికి అంతియొకయ అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

లూథర్ ఇచ్చింది, లూథర్ ఆపింది

పదిహేను వందల ఏళ్లు ముందుకు రండి. జర్మనీలో మార్టిన్ లూథర్ అనే సన్యాసి. 'దేవుని నీతి' అన్న మాటంటేనే తనకు ద్వేషంగా ఉండేదని తర్వాత 1545లో రాసుకున్నాడు. ఆ నీతితో దేవుడు పాపులను శిక్షిస్తాడని అతనికి నేర్పారు. ఎంత ఉపవాసం చేసినా, ఎంత ఒప్పుకోలు చేసినా భయం పోలేదు. రోమీయులకు రాసిన పత్రికను పట్టుకుని కూర్చుని చివరికి తెలుసుకున్నాడు: ఇది దేవుడు అడిగే నీతి కాదు, ఇచ్చే నీతి. అప్పట్లో చర్చి పాపాలకు శిక్ష తగ్గించే పత్రాలను డబ్బుకు అమ్ముతోంది. 1517లో లూథర్ 95 సూత్రాలతో ఎదురు తిరిగాడు. ఉచితంగా వచ్చేదానికి ధర పెట్టడమేంటన్నదే అతని తిరుగుబాటు.

ఈ మాట రైతు కూలీల చెవిన పడింది. వాళ్లు దాన్ని సూటిగా తీసుకున్నారు. 1525లో మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు కోర్కెలు రాశారు. క్రీస్తు గొర్రెల కాపరినీ దొరనూ తేడా లేకుండా తన రక్తంతో విడిపించాడు కదా, మరి మేం ఒకరికి కట్టుబానిసలుగా ఎందుకుండాలి అని అడిగారు. మన వెట్టివాళ్లు అడగాల్సిన ప్రశ్న అదే.

లూథర్ ఏం చేశాడు? మొదట దొరలనూ తిట్టాడు. తిరుగుబాటు ముదిరాక రైతులను కొట్టి చంపమని దొరలకు రాశాడు. ఆ యుద్ధంలో చచ్చిపోయిన పేదల సంఖ్య లక్ష దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. ఆత్మకు స్వేచ్ఛ, ఒంటికి మాత్రం పాత కాడి. ఉచిత నీతి పరలోకానికే పరిమితమై, భూమ్మీద దొర దొరగానే మిగిలాడు.

బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో ఒక మాట చెప్పాడు. లూథర్ మత సంస్కరణ యూరప్ ప్రజల రాజకీయ విముక్తికి ముందు నడిచిందని. అది నిజం. 1525 కూడా నిజమే. రెండింటినీ చేతిలో పెట్టుకుని మన దేశానికి వద్దాం.

ఇక్కడికి వచ్చిన తొలి లూథరన్ మిషనరీలు 1706లో తరంగంబాడిలో దిగారు. ఉచిత నీతి బోధించారు. కానీ తంజావూరు వైపు చర్చిల్లో వెల్లాలలు ఒక పక్క, పరయలు ఇంకో పక్క కూర్చునేవాళ్లు. 1833లో బిషప్ డేనియల్ విల్సన్ చర్చిలో కులం చెల్లదని ఆజ్ఞ ఇస్తే, పై కులాల క్రైస్తవులు చాలామంది చర్చి వదిలి వెళ్లారు. తంజావూరు క్రైస్తవ కవి వేదనాయగం శాస్త్రి అంతకుముందే ఈ కలపడాన్ని వ్యతిరేకించాడు. పేతురు లేచిపోయిన పంక్తి మన దగ్గర మళ్లీ మళ్లీ లేచిపోతూనే ఉంది.

ఒంగోలు

ఇప్పుడు మన నేలకు వద్దాం. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరారు. పాతికేళ్లు పనిచేసినా చేరినవాళ్లు చాలా కొద్దిమంది. అమెరికాలో ఈ మిషన్ మూసేద్దామని ఒకసారి కాదు, రెండు మూడుసార్లు అనుకున్నారు. అంతవరకూ చాలావరకు పై కులాల వైపే చూశారు.

మలుపు తిప్పింది తెల్లదొర కాదు. తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసేవాడు. తోళ్ల కోసం ఉత్తరాదికి తిరిగినప్పుడు ఏలూరు వైపు ఈ మాట విన్నాడు. అతను ఏమీ తెలియనివాడు కాదు. అప్పటికే రాజయోగం నేర్చినవాడు, గురువుల దగ్గర కూర్చున్నవాడు, దేవుడు ఒక్కడే అని నమ్మినవాడు. వెతుకుతున్నవాడికి దొరికిన మాట ఇది. 1866లో అతనూ, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. అదే ఏడు జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. ఆ నెలలోనే తాళ్లకొండపాడులో పేరయ్య కూడగట్టిన 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అప్పుడు ఒంగోలు బ్రాహ్మణులు క్లౌ దగ్గరికి వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని తేల్చి చెప్పారు. పై కులాలు వస్తే వెనక అందరూ వస్తారన్నది అప్పటిదాకా మిషనరీల లెక్క. క్లౌ ఇంట్లోకి వెళ్లి బైబిల్ తెరిచాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది. లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే చోటు అది. వేరే గదిలో అతని భార్య కూడా అదే సమయంలో అదే భాగం తెరిచి ఆలోచిస్తోందట. వాళ్లు దాన్ని దేవుడి జవాబు అనుకున్నారు. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్లది. చరిత్రకు కావలసింది వాళ్ల నిర్ణయం. మాదిగలను వదులుకోలేదు, బ్రాహ్మణుల షరతును వదులుకున్నారు.

తర్వాత ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలవ తవ్విస్తున్నారు. క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టు తీసుకున్నాడు. తెలుగు బోధకులే మేస్త్రీలు. ఆకలితో వచ్చినవాళ్లకు పని, పనికి కూలి. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ కరువు సాయం నడిచిన పదిహేను నెలలు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం వచ్చి అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని.

సాయం ఆగింది. జనం ఆగలేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లి దగ్గర గుమిగూడారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. నీళ్లలోకి దిగి వాళ్లను ముంచి లేపింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు మారుతూ చేశారు. ఆరు వారాల్లో మొత్తం 8,691 మంది.

తమ్ముడూ, నీ స్నేహితులకు ఈ తేదీలు చెప్పు. బియ్యం ఉన్నప్పుడు తలుపు మూసి ఉంది. తలుపు తెరిచేసరికి బియ్యం లేదు. అయితే ఇంకో నిజం కూడా దాచకు. ఆకలిలో పక్కన నిలబడ్డవాణ్ణి జనం నమ్మారు. నమ్మితే తప్పేంటి? ఆకలేసినప్పుడు గాదెకు తాళం వేసుకున్నవాడు, ఇప్పుడు మన విశ్వాసానికి పరీక్ష పెడతానంటే ఎవరు ఒప్పుకుంటారు?

వరం తీసుకున్నాక

బాప్తిస్మం తీసుకున్నవాళ్లను క్లౌ మూడు విషయాలు అడిగాడు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఇవి వరానికి ధర కాదు, వరం తీసుకున్నవాడి నడక అని మిషనరీల లెక్క. కానీ ఊరికి ఇందులో వేరే సంగతి వినబడింది. ఆదివారం పని లేదంటే వెట్టి ఆగింది. విగ్రహం లేదంటే జాతరలో డప్పు ఆగింది.

ఊరు ఊరుకోలేదు. చాకలిని వాళ్ల బట్టలు ఉతకొద్దన్నారు. కుమ్మరిని కుండలు అమ్మొద్దన్నారు. గొడ్లను బీడు నుంచి తోలేశారు. చెప్పుల పని, తోలు పని ఇవ్వలేదు. కోతలప్పుడు కళ్లంలో వాళ్ల మేర ఆపేశారు. ఒక మనిషి ఉచితంగా నీతిమంతుడైతే ఊరికి ఇంత కోపం ఎందుకు? తన చేతిలోని పద్దు పుస్తకం ఇక చెల్లదని అర్థమైంది కాబట్టి.

ఇక్కడే నాయనమ్మ మాట నాకు పూర్తిగా తెలిసింది. పౌలు రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో ఒక పోలిక తెస్తాడు. పనిచేసినవాడికి ఇచ్చే జీతం దయ కాదు, బాకీ. నీతి మాత్రం జీతం కాదు, వరం. అతను నీతి గురించి చెప్పడానికి జీతాన్ని ఉదాహరణగా తెచ్చాడు. కానీ పల్లెలో కూర్చుని చదివితే రెండు వైపులా పదునే. మన ఊళ్లో రెండింటినీ తారుమారు చేశారు. బాకీగా ఇవ్వాల్సిన కూలిని దయగా విసిరారు. దయగా ఇవ్వాల్సిన మనిషితనాన్ని బాకీగా రాసి మన తలపై పెట్టారు. ఆ పత్రిక రెండింటినీ తిరిగి వాటి చోట పెట్టింది. నీతి ఊరికే వస్తుంది. కూలి మాత్రం ఊరికే రాదు, అది మనకు రావాల్సినది, అడిగి తీసుకోవాల్సినది. కూలి ఎగ్గొట్టిన ధనికుల మీద యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ఎంత మండిపడిందో తీసి చదవండి.

తెలుగు బైబిల్లో ఈ పదానికి 'నీతి' అని వేశారు. గ్రీకులో ఉన్న మాటకు నీతి అనీ న్యాయం అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. మనం నీతిని చర్చికీ, న్యాయాన్ని కోర్టుకీ పంచేశాం. పంచేశాక చర్చిలో నీతి ప్రసంగాలు, బయట అన్యాయం, రెండూ పక్కపక్కనే హాయిగా బతికాయి.

మన చర్చిల సంగతి

చరిత్రను పొగిడి ఊరుకుంటే అది భజన అవుతుంది. మనవాళ్లు చేసినదీ చెప్పాలి.

గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. మిషన్లు అలా పంచుకున్నాయి, మనం ఆ గోడలను అలాగే ఉంచుకున్నాం. క్రైస్తవంలో చేరినా కులం పోలేదని అంబేద్కర్ చేసిన విమర్శకు మన దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మహాకవి జాషువా క్రైస్తవుడే. 1941లో 'గబ్బిలం' రాయాల్సి వచ్చింది కదా. మా బంధువులమ్మాయి పెళ్లి సంబంధం ఒకటి చర్చిలోనే కుదిరింది. ఇద్దరూ ఒకే ప్రార్థన చేసేవాళ్లు, ఒకే రొట్టె తినేవాళ్లు. ఒకరు మాల, ఒకరు మాదిగ అని తెలిసిన వారానికి సంబంధం చెడిపోయింది. చెడగొట్టిన పెద్దమనిషి ఆ ఆదివారమే విశ్వాసం ద్వారా నీతి మీద ప్రసంగం చేశాడు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. నేను చర్చి మెట్లు దిగింది ఆ రోజే.

ఇంకో జబ్బు ఈమధ్య ముదిరింది. కానుక ఇంత వేస్తే ఆశీర్వాదం అంత, విత్తనం వేస్తే పంట, ఉద్యోగానికి ఒక రేటు, వీసాకు ఒక రేటు. ఉప్పు, పప్పు కొనడానికి అప్పు చేసే ఆడవాళ్లు చీర కొంగు ముడి విప్పి నోట్లు వేస్తున్నారు. లూథర్ ఎదురు తిరిగిన పత్రాల వ్యాపారానికీ దీనికీ తేడా ఏంటి? ఉచితంగా వచ్చినదానికి మళ్లీ టికెట్టు పెట్టారు. పద్దు పుస్తకం కరణం చేతిలోంచి పాస్టర్ చేతిలోకి మారింది, అంతే.

ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డ 2,222 మందిలో ఎవరి దగ్గరా టికెట్టు లేదు. మూడేళ్ల కరువు తిన్న ఒళ్లు, చిరిగిన బట్టలు. తమకు ఏ అర్హతా లేదని తరతరాలుగా విన్నవాళ్లు. అర్హత అడగని మాట ఒకటి విని నీళ్లలోకి దిగారు. నేను నమ్మినా నమ్మకపోయినా, పైకి లేచినవాడు మునిగినవాడు కాదని ఊరికి మాత్రం తెలిసింది. ఆ మనవళ్లలో మనం ఉన్నాం. బడికి పోయాం, అక్షరం పట్టుకున్నాం, ఇవాళ ఈ వ్యాసం రాస్తున్నాం.

తమ్ముడూ, ఈసారి ఎవరైనా అడిగితే ఇలా చెప్పు. మావాళ్లు బియ్యం కోసం పోలేదు. బియ్యం పండించింది మావాళ్లే. అందులో మా వాటా మాకు బాకీ. మావాళ్లు పోయింది ఎవరి సంతకమూ అక్కర్లేని గౌరవం కోసం.

ఆ గౌరవం తీసుకున్నందుకు ప్రభుత్వం మళ్లీ ఒక ధర పెట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధ దళితులకు 1990లో ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులకు ఇంకా తెరవలేదు. దేవుడి దగ్గర ఉచితంగా వచ్చినదానికి తహసీల్దారు ఆఫీసులో ఎందుకు మూల్యం కడుతున్నామో వచ్చే భాగంలో రాస్తాను.

మీ ఊళ్లో మీ నాయనమ్మలు, అమ్మమ్మలు ఏం చెప్పేవాళ్లో అడిగి రాసిపెట్టుకోండి. వాళ్లు పోతే ఆ పుస్తకాలు మళ్లీ దొరకవు.

జై భీమ్.